చూచుటయు, పొరుగువాడగుటయు



గడచిన నెల మన గ్రామ పెద్దలు బస్సు ఆగు చోటనున్న రావిచెట్టు క్రింద కూడుకొని, మూడు రోడ్ల కూడలియందును, బడి గోడ మూలను, మంచినీళ్ల కుళాయియొద్దను సీసీ కెమెరాలు పెట్టవలెనని తీర్మానించిరి. అందుకు చందాలు వసూలు చేయుచు, మన సంఘమును కూడ కొంత ఇమ్మని అడిగిరి. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఈ సంగతి సంఘములో మాటకు వచ్చెను. "మొన్న రెండు బండ్లు పోయినాయి. కెమెరా ఉంటే దొరికేవి గదా" అని యౌవనులనిరి. స్త్రీలలో ఒకామె మాత్రము మెల్లగా లేచి, "చీకటి ఉండగానే బిందెలు తీసుకుని కుళాయికి పోతాము. మా బొమ్మలు ఎవరి ఫోనులో చూసుకుంటారు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ఎవరును జవాబియ్యలేదు. అందరును మా వైపు చూచిరి. మేమును ఇయ్యలేదు. వచ్చు పత్రికలో వ్రాసెదమని మాత్రము చెప్పితిమి. ఆ మాట చెల్లించుకొనుటకే ఈ నాలుగు పంక్తులు.

మనకు ఇప్పుడు వచ్చుచున్న ఈ సంగతి పట్టణములకు ఎప్పుడో వచ్చినది. ముందు నడిచినవాని కాలికి గ్రుచ్చుకొన్న ముల్లు వెనుక వచ్చువానికి బుద్ధి నేర్పును. కావున మన కుళాయి సంగతి తేల్చుకొనక మునుపు, పదిమంది నడచు పట్టణపు వీధులలోను, పదిమంది కూర్చుండు తోటలలోను ఈ యంత్రములు ఏమి చేసినవో చూచుట మేలు.

మొదట ఉన్న సంగతి చెప్పుదము. 2013వ సంవత్సరమున, రాష్ట్రము ఇంకను ఒక్కటిగా ఉన్నప్పుడు, ప్రజల భద్రత నిమిత్తము ఒక చట్టము చేయబడెను. జనులు విస్తారముగా వచ్చిపోవు దుకాణములు, ఆసుపత్రులు మొదలైన స్థలములలో కెమెరాలు పెట్టి, అవి తీసిన దృశ్యములను 30 దినములు దాచవలెనని అందులో నియమించిరి. హైదరాబాదులో పోలీసువారు 'నేను సైతం' అను పేరిట కాలనీలవారిచేతను, వర్తకులచేతను చందాలు వేయించి వీధివీధిని కెమెరాలు నిలిపించిరి. 2022 ఆగస్టు 4వ తేదీన బంజారాహిల్స్‌లో పోలీసువారి పెద్ద కేంద్రమొకటి తెరువబడెను. నగరపు కెమెరాలు చూచుదానిని అక్కడ కూర్చుండి గోడంత తెరలమీద చూడవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2015 జూన్ 25వ తేదీన ఆరంభించిన స్మార్ట్ సిటీల పథకములో దేశమంతటను 100 పట్టణములు ఎన్నుకొనబడెను. మన తెలుగువారి విశాఖపట్నము, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్లు, కరీంనగరము వాటిలోనివి. ఆ పథకము 2025 మార్చి 31వ తేదీతో ముగిసినది గాని, అది నిలిపిన స్తంభములును, కెమెరాలును ఆ వీధులలోనే ఉన్నవి.

వీటివలన మేలు లేదని మేము చెప్పము. చెప్పినయెడల కృతఘ్నులమగుదుము. మన సంఘ పెద్దలలో ఒకరి తల్లి, మతిమరుపు గల ముసలామె, హైదరాబాదులో కుమార్తె యింటికి వెళ్లి, ఒక సాయంకాలము తలుపు తీసికొని వీధిలోనికి పోయెను. తన పేరు తప్ప మరేమియు చెప్పలేని స్థితి ఆమెది. కుమార్తె ఏడ్చుచు పోలీసు స్టేషనుకు వెళ్లగా, అక్కడి కానిస్టేబులొకడు కెమెరాల దృశ్యములను ఒకదాని వెంట ఒకటి వెదకి, ఏ కూడలిలో ఏ వైపునకు తిరిగినదో కనిపెట్టి, రాత్రి కాకమునుపే ఒక బస్సు స్టాపులో కూర్చున్న ఆమెను ఇల్లు చేర్చెను. ఆ వారము మనమందరము స్తుతి చెల్లించితిమి. అయితే ఒక్క సంగతి గమనింపవలెను. ఆమె నడచిపోవుచుండగా కెమెరాలన్నియు ఆమెను చూచినవి. చూచి ఒక్కటియు ఆమె చేయి పట్టుకొనలేదు. ఒక కుమార్తె కన్నీరు చూచి ఒక మనుష్యుడు కదలినందుననే ఆ బొమ్మలు పనికివచ్చినవి.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది గాని, చెప్పనియెడల ఈ వ్రాతకు అర్థము లేదు.

ఈ సంవత్సరము మేము కంటి పరీక్ష చేయించుకొనుటకు హైదరాబాదు వెళ్లి, మన సంఘమువారి కుమారుని యింట ఒక వారము బసచేసితిమి. అది నాలుగు వందల ఇండ్లున్న అపార్ట్‌మెంటు. గేటునొద్ద కావలివాడు మా పేరేమి, ఎక్కడనుండి వచ్చితిరి, ఎవరి యింటికి అని అడిగి, మా ముఖమునకు ఎదురుగా ఫోను పట్టి బొమ్మ తీసెను. ఆ బొమ్మ క్షణములో పైఅంతస్తులోని యింటివాని ఫోనుకు పోయెను. అతడు సరే అనగానే అడ్డుకఱ్ఱ లేచెను. లోపల మెట్లయొద్దను, లిఫ్టులోను, బండ్లు నిలుపు చోటను, పిల్లలు ఆడుకొను తోటలోను కెమెరాలున్నవి. దీపములు మనిషి వచ్చినప్పుడు తమంతట తామే వెలిగి, వెళ్లిన తరువాత తామే ఆరును. తోటలోని మొక్కలకు నీరు వేళకు దానంతట అదే వచ్చును. మేము చూచి ఆశ్చర్యపడితిమి.

ఆ కట్టడములోనే మన సంఘమందు బాప్తిస్మము పొందిన ఒక సహోదరి మూడు ఇండ్లలో పని చేయుచున్నది. భర్త చనిపోయిన పిమ్మట ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఆమె పట్టణము చేరినది. ఆమెకు ఒక సంఖ్య ఇచ్చినారు. ఉదయమున గేటునొద్ద ఆ సంఖ్య చెప్పగానే, ఆమె వచ్చినదని మూడు ఇండ్లవారి ఫోనులకు కబురు పోవును. ఎన్ని గంటలకు వచ్చినది, ఎన్ని గంటలకు పోయినది, నెలలో ఎన్ని దినములు రాలేదు అన్నియు అందులో లెక్కగా ఉండును. ఆమె పనికి ఇన్ని చుక్కలని మార్కులు వేయుటకు కూడ అందులో చోటున్నది. ఇంటివారికి మార్కులు వేయుటకు ఆమెకు చోటు లేదు.

మూడవ రాత్రి భోజనము చేయుచుండగా ఆ యింటి కోడలు తన ఫోనును మాకు చూపెను. ఆ కట్టడమువారందరు కలిసి మాటలాడుకొను వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక బొమ్మ పెట్టియుండిరి. తోటలోని కెమెరా తీసినది. చెట్టు క్రింది బల్లమీద ఒక స్త్రీ కూర్చున్నది. ఆమె చుట్టు ఎఱ్ఱని గీత. ఈమె ఎవరు, బల్లలు ఇక్కడ నివసించువారి కొరకు గదా, సెక్యూరిటీ ఏమి చేయుచున్నదని దాని క్రింద వ్రాసియుండెను. దానికి ఔననినవారు చాలమంది. తోటలో పిల్లలు ఆడుకొనుచుందురు, జాగ్రత్త అని ఒకరు కలిపిరి.

ఆ ఎఱ్ఱని గీత లోపల కూర్చున్నది మన సహోదరియే. మేము వెంటనే గుర్తుపట్టితిమి. ఆమెకు బాప్తిస్మమిచ్చినది ఈ చేతులే. ఈమె మాకు తెలుసును అని ఒక్క మాట చాలియుండెను. ఆ మాట మా నోటనుండి రాలేదు. ఆ యింటివారు మమ్మును ఎంతో ఆదరముతో చూచుచున్నారు. వారి అన్నము తినుచు వారి ఇరుగుపొరుగువారిని తప్పుపట్టుట ఎట్లని అనుకొంటిమి. ఫోను తిరిగి ఇచ్చివేసి, పప్పు బాగున్నదంటిమి. ఆ దినము దానికి మర్యాద అని పేరు పెట్టుకొంటిమి.

రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు మధ్యాహ్నము గేటు బయటనున్న టీ బండియొద్ద ఆమె నిలువబడియుండగా చూచి, దగ్గరకు వెళ్లి, "ఏమమ్మా, ఎండలో నిలుచున్నావు?" అని అడిగితిమి.

"మొదటి ఇంటి పని పదకొండుకు అయిపోతుంది అయ్యగారూ. రెండో ఇంటి అమ్మగారు పన్నెండున్నరకు గాని తలుపు తియ్యరు. ఇన్నాళ్లూ ఆ చెట్టు కింద బల్ల ఖాళీగా ఉంటే కూర్చునేదాన్ని. నిన్నటినుంచి కూర్చోవద్దన్నారు" అని ఆమె చెప్పెను.

"కోపము వచ్చినదా అమ్మా?" అని అడిగితిమి.

"కోపం కాదయ్యగారూ. నాలుగేళ్లుగా వస్తున్నా. ఆ బల్లకు ఎదురింట్లో పెద్దమ్మగారికి నడుం పట్టేస్తే నెలరోజులు నేనే నూనె రాశా. వాళ్లందరికీ నా మొగం తెలుసు. తెలిసి కూడా ఈమె ఎవరని అడిగారట."

ప్రియులారా, ఈ మాటను మేము చాల దినములు ధ్యానించితిమి. ఆ కెమెరాయందు ఏ తప్పును లేదు. అది ఉన్నది ఉన్నట్లే చూపినది. ఒకరికి బదులు మరియొకరిని పట్టియియ్యలేదు. అయినను ఒక అన్యాయము జరిగినది. అది ఎక్కడ జరిగినది? ఎవరు నీవు అను ప్రశ్న ఆమెను అడుగలేదు. ఆమెకు వినబడని చోట ఆమెను గూర్చి అడిగిరి. మెట్లు దిగి వచ్చి, ఏమమ్మా ఇక్కడ కూర్చున్నావు అని అడిగినయెడల అర నిమిషములో జవాబు దొరికియుండును. మెట్లు దిగకుండ అడుగుటకు ఆ యంత్రము వీలు కల్పించినది. పూర్వము ఒకరిని అనుమానించుటకైనను వారియొద్దకు పోవలసియుండెను. దగ్గరకు పోయినప్పుడు అనుమానము అనేక పర్యాయములు సిగ్గుపడి వెనుకకు తిరిగెడిది. ఇప్పుడు దూరమునుండియే అనుమానింపవచ్చును.

ఆదికాండము 16వ అధ్యాయములోని హాగరును జ్ఞాపకము చేసికొనుడి. ఆమెయు ఒకరి యింట పనిచేయు స్త్రీయే. ఆ అధ్యాయములో అబ్రామును శారయియు ఆమెను గూర్చి మాటలాడునప్పుడు దాసి అనిరే గాని, ఒక్కసారియైనను పేరు పెట్టి పిలువలేదు. అరణ్యములో నీటి ఊటయొద్ద ఆమెను మొదట పేరు పెట్టి పిలిచినది దేవుని దూత. ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావని అతడు అడిగెను. చిత్రమేమనగా, అపార్ట్‌మెంటు గేటునొద్ద అడుగు ప్రశ్నలును అవియే! అయితే దూత ఆమె ఎదుట నిలిచి అడిగెను. ఆమె చెప్పినది వినెను. ఆమె శ్రమను దేవుడు ఆలకించెనని చెప్పెను. అందుచేతనే ఆమె దేవునికి చూచువాడు అని అర్థమిచ్చు పేరు పెట్టెను. బైబిలులో దేవునికి మొదట పేరు పెట్టినది ఇట్టి పనిమనిషియే. దేవుడు చూచిన తరువాత ఆమెకు భయము కలుగలేదు, ధైర్యము కలిగెను. ఒకరి చూపు మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు ఇదియే పరీక్ష. ఆ చూపు క్రింద నున్న బలహీనునికి ధైర్యము కలుగుచున్నదా, వెన్ను వణకుచున్నదా?

కొందరు, "తప్పు చేయనివానికి భయమెందుకు? దేవుడు అన్నియు చూచుచునే ఉన్నాడు గదా" అని అడుగుదురు. ఈ మాట వినుటకు భక్తిగా ఉన్నది గాని, అందులో ఒక పొరపాటున్నది. దేవుడు హృదయమును చూచును. స్తంభముమీది కన్ను పైరూపమును మాత్రము చూచును. దేవుడు చూచి క్షమించును. యంత్రము చూచి దాచిపెట్టును. దేవుడు తాను చూచినదానిని ఊరి నడుమ పరచడు. ఆ తెర వెనుక కూర్చున్నది దేవుడు కాడు, మనవంటి మనిషి. దేవుని సింహాసనమును ఇనుప స్తంభమునకు ఎత్తి కట్టకూడదు.

నోవహు కుమారుల సంగతి మీరెరుగుదురు. తండ్రి గుడారములో వస్త్రహీనుడై పడియుండగా హాము చూచెను, చూచి బయట ఉన్న సహోదరులకు చెప్పెను. షేమును యాపెతును వస్త్రమును భుజములమీద వేసికొని, వెనుకకు నడచిపోయి, తండ్రి వైపు చూడకుండ కప్పిరి. హాము అబద్ధమేమియు చెప్పలేదు. ఉన్న సంగతియే చెప్పెను. అయినను ఆశీర్వాదము చూడనివారికి వచ్చెను గాని చూచి చాటినవానికి రాలేదు. ప్రేమ కొన్నిసార్లు కన్ను తెరచును, కొన్నిసార్లు ముఖము త్రిప్పుకొనును. ఏ వేళ ఏది చేయవలెనో యంత్రమునకు తెలియదు. తెలిసినవారము మనము; తెలిసియు దానిని యంత్రమునకు అప్పగించినయెడల తప్పు యంత్రముది కాదు.

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. అమెరికా దేశమున శాన్ డియాగో అను పట్టణము కలదు. 2016వ సంవత్సరమున అక్కడి నగర సభ వీధిదీపములను మార్చుటకు ఒప్పుకొనెను. క్రొత్త దీపములు కరెంటు తక్కువ త్రాగును. వాటికి అమర్చిన పరికరములు వీధిలో ఎన్ని బండ్లు పోవుచున్నవో, బండి నిలుపుటకు ఎక్కడ చోటున్నదో లెక్కించునని చెప్పిరి. మూడు వేలకు పైగా స్తంభములకు వాటిని బిగించిరి. ఆ పరికరములలో కెమెరాలు కూడ ఉండెను. 2018వ సంవత్సరమునుండి పోలీసువారు నేరముల విచారణకు ఆ దృశ్యములను తీసికొనసాగిరి. హత్యలవంటి ఘోరమైన నేరములలో అవి పనికివచ్చినవని వారు చెప్పిరి. అది కొట్టివేయదగిన మాట కాదు. అయితే తమ గుమ్మము ఎదుటి దీపమునకు కన్నున్నదని ఆ వీధులవారిలో అనేకులకు తెలియదు. వెలుతురు కొరకు ఒప్పుకొన్నవారు కావలిని గూర్చి ఎన్నడును అడుగబడలేదు. తెలిసిన తరువాత జనులు కూడుకొని ప్రశ్నించిరి. 2020 సెప్టెంబరులో ఆ పట్టణపు మేయరు, నియమములు ఏర్పడువరకు ఆ పరికరములను ఆపివేయుడని ఆజ్ఞాపించెను. 2022లో ఇట్టి యంత్రములు పెట్టుటకు ముందు జనులయెదుట లెక్క చెప్పవలెనని నగర సభ ఒక చట్టము చేసెను. 2023లో కెమెరాలు గల దీపములను మరల పెట్టుటకు ఒప్పుకొనిరి గాని, ఈసారి అవి ఏమి చేయునో బహిరంగముగా చెప్పి, వాదించుకొని ఒప్పుకొనిరి.

దీపము మంచిదే. కావలియు అవసరమైన చోట మంచిదే. దీపమని చెప్పి కావలిని పెట్టుట మంచిది కాదు. ఒక పనికై అడిగి తీసికొన్నదానిని వేరొక పనికి వాడుకొనుట మన పొలాల లెక్కలలోనైతే ఏమందుమో, వీధి లెక్కలలోను అదే అనవలెను. నాగలి ఎరువు తీసికొని పోయి తన పొలము దున్నుకొనుటకు బదులు బాడుగకు త్రిప్పినవానిని మనము ఊరక విడువము గదా.

మరియొక పట్టణపు సంగతి దీనికి భిన్నముగా ఉన్నది. స్పెయిను దేశమున బార్సిలోనా పట్టణములో గ్రాసియా అను పేటయందు, సూర్యుని చౌకము అని అర్థమిచ్చు పేరు గల ఒక చిన్న చౌకము కలదు. రాత్రి పొద్దుపోవువరకు జనులు అక్కడ కూడి మాటలాడుచు, పాడుచు ఉండుటచేత చుట్టుపట్ల ఇండ్లవారికి ఏండ్ల తరబడి నిద్ర లేకుండెను. మొరపెట్టినను ఫలితము కనబడలేదు. 2017వ సంవత్సర ప్రాంతమున ఆ ఇండ్లవారు శబ్దమును కొలుచు చిన్న పరికరములను తమ బాల్కనీలలో తామే పెట్టుకొనిరి. ఐరోపా దేశముల కూటమి ధనసహాయముతో నడచిన ఒక పరిశోధన వారికి తోడ్పడినది. ఏ వేళ ఎంత సందడియో వారే లెక్క చూచిరి. ఆ లెక్క చేతబట్టుకొని నగర సభవారితో మాటలాడిరి. చౌకములోనే కూడి ఏమి చేయవలెనో ఆలోచించుకొనిరి. అటుపిమ్మట అక్కడ కొన్ని మార్పులు జరిగినవి.

ఇక్కడను యంత్రమున్నది, అయితే అది కొలిచినది శబ్దమును, మనుష్యులను కాదు. ఎవరు కూర్చున్నారు, ఎవరి కూతురు, ఎవరి పనిమనిషి అని అది అడుగలేదు. ఎక్కడ పెట్టవలెనో, దేనిని కొలువవలెనో, ఆ లెక్కతో ఏమి చేయవలెనో నిర్ణయించినవారు ఆ వీధివారే. ఒకే విధమైన యంత్రము ఒక చోట మనుష్యులను దూరము చేయును, మరియొక చోట ఒక్కచోటికి చేర్చును. తేడా యంత్రములో లేదు. దానిని పెట్టకముందు ఎవరిని అడిగిరి అను దానిలో ఉన్నది.

మన దేశపు న్యాయమును ఈ విషయములో మౌనముగా లేదు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయాధిపతులు ఏకగ్రీవముగా, మనుష్యునికి తన ఆంతరంగిక జీవితము తనదిగా ఉంచుకొను హక్కు రాజ్యాంగమునుబట్టి ప్రాథమిక హక్కేయని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యెము వేసినవారు పదవి విరమించిన వృద్ధ న్యాయమూర్తి పుట్టస్వామిగారు. 2023లో పార్లమెంటు ఒకరి వివరములను కంప్యూటర్లలో సేకరించి దాచువారు పాటింపవలసిన చట్టమొకటి చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ప్రభుత్వమునకు అందులో కొన్ని మినహాయింపులున్నను, దాని మూలసూత్రము పామరునికి కూడ అర్థమగును: ఎందుకో చెప్పి అడుగుము, చెప్పిన పనికే వాడుము, పని తీరిన తరువాత ఉంచుకొనకుము. అక్షరము రాని పనిమనిషికిని ఈ హక్కు ఉన్నది. ఇంద్రభవనములో ఉన్నవానికి ఎంతయో ఆమెకును అంతే.

ఇప్పుడు మా తప్పు దగ్గరకు తిరిగి వచ్చెదము. లూకా సువార్త 10వ అధ్యాయములో యెరికో దారిని పడియున్నవానిని గూర్చి మేము ఎన్ని ప్రసంగములు చేసితిమో లెక్క లేదు. యాజకుడు దయలేనివాడని, లేవీయుడు కఠినుడని గట్టిగా చెప్పుచుంటిమి. ఈ సంవత్సరము మాత్రమే మాకు ఒక మాట కంటబడెను. ఆ ముగ్గురును చూచిరి. యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను, సమరయుడును చూచెను. ఆ దారిలో చూపునకు కొదువ లేదు. ఆ బండమీద ఒక కెమెరా ఉన్నయెడల దొంగల ముఖములు దొరికియుండునేమో. గాయమునకు నూనె మాత్రము దొరకదు. చూచిన ముగ్గురిలో ఒక్కడు బండిదారినుండి దిగి దగ్గరకు వచ్చెను. వానినే ప్రభువు పొరుగువాడుగా చూపెను. ఆ రాత్రి భోజనపు బల్లయొద్ద మేము చూచి ప్రక్కగా పోయితిమి. మేము యాజకుని పనిలోనే ఉన్నాము గనుక ఆ కథలో మా చోటు వెదకుటకు కష్టపడలేదు.

ఊరికి వచ్చిన తరువాత ఆ యింటివానికి ఫోను చేసి సంగతి చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "ఆమె మన ఊరి మనిషని నాకు తెలియదు అయ్యగారూ" అనెను. "మన ఊరి మనిషి కాకపోతే బాబూ?" అని అడిగితిమి. అడుగుచునే సిగ్గుపడితిమి, ఏలయనగా మన ఊరి మనిషియని తెలిసియు ఊరకున్నవారము మేము. అతడు మంచివాడు. ఆ కట్టడపు సంఘము కూడినప్పుడు లేచి మాటలాడెను. కొందరు కోపపడిరి, కొందరు ఔననిరి. చివరకు బండ్లు నిలుపు క్రింది అంతస్తులో పనివారు కూర్చుండుటకు ఒక గదియు, నాలుగు కుర్చీలును, ఒక ఫ్యానును ఏర్పరచిరి. చెట్టు క్రింది బల్ల మాత్రము ఇంకను వారిదే. సహోదరి కబురేమని అడిగితిమి. "ఫ్యాను ఉందయ్యగారూ. కిటికీ లేదు" అనెను.

పూర్తి న్యాయము జరిగినదని మేము చెప్పము. కిటికీ వచ్చువరకు ఆ సంగతి ముగియలేదు. అయితే ఇంతమాత్రమైనను జరిగినది కెమెరావలన కాదు, ఒకడు లేచి నిలిచి ఆమె మాకు తెలుసునని చెప్పుటవలన.

కావున మన గ్రామ పెద్దలకును, పట్టణములలో స్థిరపడిన మన పిల్లలకును మేము నాలుగు ప్రశ్నలు అప్పగించుచున్నాము. పదిమందికి చెందిన చోట ఏ యంత్రము పెట్టినను ముందుగా వీటికి జవాబు చెప్పుకొనుడి. మొదటిది, ఇది ఎందు నిమిత్తము? ఆ నిమిత్తమును అందరు చదువునట్లు గోడమీద వ్రాయుడి. తరువాత మార్చవలసివచ్చినయెడల మరల అడుగుడి. రెండవది, దీనిని ఎవరు చూచుదురు, ఎన్ని దినములు దాచుదురు? అందరి ఫోనులలో తిరుగు బొమ్మ కావలి కాదు, అల్లరి. మూడవది, అడుగబడినవారిలో అక్కడ తిరుగువారందరు ఉన్నారా? ఇల్లున్నవారిని అడిగి ఇల్లు లేనివారిని, చందా ఇచ్చినవారిని అడిగి ఇయ్యలేనివారిని మరచితిమా? నాలుగవది, అది ఏదైన చూపినప్పుడు మెట్లు దిగి వచ్చువాడెవడు? దిగి వచ్చువాడు లేనియెడల కన్నులెన్ని ఉన్నను ఆ వీధి గ్రుడ్డిదే.

కూడలియందు కెమెరా పెట్టుటకు సంఘము తన వంతు ఇయ్యవచ్చునని మా అభిప్రాయము. అది ఎవరి ఆధీనములో ఉండునో పెద్దలు వ్రాసియియ్యవలెను. కుళాయి సంగతి మేము చెప్పదగినది కాదు. ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయినది సహజమే. బిందె మోయువారు మేము కాము. వచ్చు బుధవారము స్త్రీల కూటములో ఆ ప్రశ్నను వారియెదుటనే ఉంచెదము. ఈసారి వారు మాటలాడుదురు, మేము వినెదము.

హాగరును పేరు పెట్టి పిలిచిన దేవుడు మన కన్నులకు చూపును, మన కాళ్లకు మెట్లు దిగు మనస్సును అనుగ్రహించును గాక. ఆమేన్.